పీటీఎస్‌డీ స్క్రీనింగ్: ఐదు ప్రశ్నలా, ఇరవై ప్రశ్నలా?

పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటే ఘోరమైన సంఘటన తర్వాత వచ్చే మానసిక సమస్య. దాన్ని పసిగట్టడానికి ఓపీలో రద్దీ ఉంటే ఐదు ప్రశ్నల ఫారం పీసీ-పీటీఎస్‌డీ-5 చాలు. ముందు ఒక ప్రశ్న: ప్రమాదం, దాడి, విపత్తు లాంటి ఘోరం ఎప్పుడైనా ఎదురైందా? లేదంటే స్కోరు సున్నా, అక్కడితో ఆపేయాలి. ఉందంటే గత నెల గురించి ఐదు ప్రశ్నలు: పీడకలలు లేదా వద్దన్నా వచ్చే తలపులు, తప్పించుకు తిరగడం, ఉలికిపాటు, మొద్దుబారడం, అపరాధ భావం. జవాబు అవును, కాదు, అంతే. సాధారణంగా 4 వస్తే తదుపరి పరీక్షకు పంపుతారు. కానీ 4 దగ్గర గీత గీస్తే బాధితుల్లో, ముఖ్యంగా మహిళల్లో, కొందరు జారిపోతారు. తర్వాత ఇంటర్వ్యూ చేసే మనిషి ఉన్నచోట 3 పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం.

రెండోది, పెద్ద ఫారం పీసీఎల్-5. ఇందులో 20 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 80. ఐదు పది నిమిషాలు పడుతుంది. 31–33 దాటితే పీటీఎస్‌డీ ఉండే అవకాశం ఎక్కువ. దీని అసలు బలం చికిత్స మొదలయ్యాక తెలుస్తుంది: స్కోరు తగ్గుతోందా లేదా అన్నది వారం వారం చూడొచ్చు. అలా వాడేటప్పుడు గడువును గత నెల నుంచి గత వారానికి మార్చిన ఫారమే ఇవ్వాలి, లేకపోతే పాత బాధ కూడా లెక్కలోకి వస్తుంది.

ఎక్కువగా పొరపాటు జరిగేది ఒకచోట. ఏ సంఘటన గురించి అడుగుతున్నామో ముందే తేల్చుకోకుండా ఫారం చేతికిస్తే, నిద్ర పట్టకపోవడం, చిరాకు లాంటివి డిప్రెషన్ వల్ల వచ్చినా స్కోరు పెరిగిపోతుంది. ఘటన జరిగి నెల కూడా కాకపోతే ఎంత స్కోరొచ్చినా పీటీఎస్‌డీ అనకూడదు. రెండింటిలో ఏదీ రోగ నిర్ధారణ కాదు. దానికి నిపుణులు ఎదురుగా కూర్చుని చేసే క్యాప్స్-5 లాంటి ఇంటర్వ్యూ కావాలి.