సన్నని భూప్రకంపనలను పట్టడానికి ఏది మేలు: పాత లెక్కా, పోలికా, మెషీన్ లెర్నింగా?

2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల జలాశయం పక్కన చింతలపాలెం, మేళ్లచెరువు వైపు వచ్చిన భూకంపం తీవ్రత 4.6. అంతటిది వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. ఒకటి, సున్నా తీవ్రత కంపనాలు మాత్రం లారీల రొదలో కలిసిపోతాయి. కింద పగులు ఎటు సాగిందో గీసి చూపేది ఎక్కువగా ఆ చిన్నవే.

పాత పద్ధతిలో గత ఒకటి రెండు సెకన్ల కదలిక సగటును, అంతకుముందు చాలాసేపటి సగటుతో భాగిస్తారు. వచ్చిన అంకె ముందే పెట్టుకున్న గీత దాటితే అలారం. మామూలు కంప్యూటర్ చాలు. కాకపోతే గీత దించితే ప్రతి ట్రాక్టరూ భూకంపమే, పెంచితే అసలువి జారిపోతాయి.

రెండోది పోలిక పద్ధతి. తెలిసిన కంపనం తరంగాన్ని నమూనాగా తీసుకుని రికార్డు పొడవునా జరుపుతూ సరిచూస్తారు. పెద్దగట్టు జాతర మైకుల మధ్య మనవాళ్ల గొంతు పోల్చుకున్నట్టే. దక్షిణ కాలిఫోర్నియాలో 2008 నుంచి 2017 వరకు రికార్డులను ఇలా వెతికితే 18 లక్షలకు పైగా కంపనాలు తేలాయి, పాత జాబితాకు దాదాపు పది రెట్లు. కానీ తెలిసిన చోటు చుట్టుపక్కలవే దొరుకుతాయి, కంప్యూటర్ ఖర్చు విపరీతం.

ఫేజ్‌నెట్ లాంటి మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు నమూనా ఇవ్వక్కర్లేదు. భూకంపంలో ముందుగా చేరే పీ తరంగం, దాని వెనక వచ్చే ఎస్ తరంగం ఏ క్షణాన వచ్చి ఉండొచ్చో తనే చెబుతుంది, అదీ వేగంగా. అయితే అది నేర్చుకున్నది ఉత్తర కాలిఫోర్నియా రికార్డుల మీద. మన రాళ్ల మీద ఎలా పనిచేస్తుందో, ఇక్కడి నిపుణులు గుర్తుపెట్టిన రికార్డులతో సరిచూడాల్సిందే. అంతకన్నా పెద్ద చిక్కు క్వారీలు. హుజూర్‌నగర్, మేళ్లచెరువుల్లో సిమెంటు సున్నపురాయి కోసం పేల్చే బ్లాస్టింగ్‌లోనూ పీ తరంగం ఉంటుంది. దాన్నీ మోడల్ టిక్కు పెడుతుంది. తప్పు దానిది కాదు, బ్లాస్టింగా కాదా అని దాన్ని ఎవరూ అడగలేదు. పేలుడు అన్ని వైపులకూ నెడుతుంది కాబట్టి కంపనాలను రికార్డు చేసే స్టేషన్లన్నింటిలో చాలావరకు తొలి కదలిక పైకే ఉంటుంది. పగులు జారితే కొన్నిచోట్ల పైకి, కొన్నిచోట్ల కిందికి. పైగా బ్లాస్టింగ్ సాధారణంగా పగటిపూటే. ఈ ఏరివేత విడిగా చేయాలి.

అందుకే పులిచింతల లాంటి చోట ముందు మెషీన్ లెర్నింగ్‌తో జల్లెడ పట్టి, బ్లాస్టింగ్‌లు తీసేసి, మిగిలినవాటిని నమూనాలుగా పెట్టి పోలిక నడపడమే నాకు నచ్చిన దారి. ఒక్కటే ఎంచుకోమంటే పోలికే అంటాను, ఎందుకంటే అక్కడ కంపనాలు ఇరుకు ప్రాంతంలోనే మళ్లీ మళ్లీ వచ్చాయి. కొత్త చోట అయితే మోడల్‌దే పైచేయి. రేపటి భూకంపాన్ని మాత్రం ఇవేవీ చెప్పవు, అది వేరే సంగతి.

ఇంకోటి: లోతు కచ్చితంగా తేలాలంటే కంపనానికి దగ్గర్లోనే స్టేషన్ ఉండాలి. చేతిలో డబ్బు కొద్దిగానే ఉంటే మోడల్‌ను వేగంగా నడిపే ఖరీదైన జీపీయూ చిప్ కన్నా ముందు చింతలపాలెం చుట్టూ ఇంకో స్టేషన్ పెట్టమంటాను.