బరంపురంలో ఎంఆర్ఐ తీయించాం: స్కాన్ బావుంది, ఆ ప్యాకేజీ మాత్రం వద్దు

మా మావయ్యకి ఎడం చెయ్యి తిమ్మిరెక్కుతోందని డాక్టర్ గారు బ్రెయిన్ ఎంఆర్ఐ రాస్తే పర్లాకిమిడి నుంచి బరంపురం తీసుకెళ్లాం. సెంటర్ పేరు రాయట్లేదు, అందరితో గొడవెందుకు.

ముందు మంచి చెప్తా. 1.5 టెస్లా మెషిన్ (టెస్లా అంటే అయస్కాంతం బలానికి కొలత), లోపలంతా నీట్‌గా ఉంది. టెక్నీషియన్ ఒడియా కుర్రాడే గానీ తెలుగు చక్కగా మాట్లాడుతున్నాడు. వెండి మొలతాడు తీయమంటే మావయ్య ససేమిరా అన్నారు, మొలతాడు లేకుండా ఎలా ఉంటారని అత్త కూడా అందుకుంది, అప్పుడా కుర్రాడు డ్రాయర్లోంచి నల్లదారం తీసి "ముందు ఇది కట్టుకోండి తాతగారూ, తర్వాత అది తీద్దురు" అన్నాడు. ఇలాంటోళ్లు ఎంతమందొస్తారో ఏటో, దారం రెడీగా పెట్టుకున్నాడు!

ఇప్పుడు కౌంటర్ సంగతి. ఇంకొంచెం కట్టి ప్యాకేజీ తీసుకుంటే రక్తనాళాల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాస్ ఎంతుందో కూడా ఎంఆర్ఐలోనే చూపిస్తామన్నారు. శాంపిల్ రిపోర్ట్ అడిగితే ఇచ్చారు, చూస్తే మామూలు యాంజియో బొమ్మలే, అంటే రక్తనాళాల ఫొటోలే, నైట్రిక్ ఆక్సైడ్ అని ఒక అంకె లేదు, యూనిట్ లేదు.

నైట్రిక్ ఆక్సైడ్ ముఖ్యమే, కాదనను. రక్తనాళాల్ని వదులు చేసేది అదే, 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్ వచ్చింది కూడా దాని మీదే, గుండెనొప్పికి నాలిక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్ పనిచేసేదీ దాంతోనే. కానీ ఒంట్లో పుట్టిన కొన్ని సెకన్లకే పోతుంది, ఉండేది కూడా నానోమోలార్లలో, అంటే చాలా చాలా తక్కువ. హాస్పిటల్ ఎంఆర్ఐ చూసేది నీళ్లలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ని, ఈ గ్యాస్‌లో హైడ్రోజనే లేదు. జాతరలో డప్పుల మధ్య దోమ చప్పుడు వినడం లాంటి పని అది. అందుకే ల్యాబుల్లో ఐరన్ డైథయోకార్బమేట్ లాంటి మందు ఎక్కించి, అది ఈ గ్యాస్‌ని పట్టుకున్నాక ఆ సిగ్నల్ మార్పు చూస్తారు, అదీ ఎలుకల్లో. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జసనాఫ్ అనే సైంటిస్ట్ టీమ్ 2022లో చూపించింది వేరే దారి, ఎలుక మెదడు కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ పెట్టి, దానివల్ల రక్తప్రవాహంలో వచ్చే మార్పుని ఎంఆర్ఐలో పట్టుకున్నారు, అంటే అక్కడ కూడా కనపడింది గ్యాస్ కాదు, అది చేసిన పని. మరి వీళ్లు కౌంటర్లో మనుషులకి ఎలా అమ్ముతున్నారో!

ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే టెస్ట్ నిజంగానే ఉంది, ఆస్తమా వాళ్లకి, గొట్టంలో ఊదాలి. దానికీ ఈ స్కాన్‌కీ సంబంధం లేదు.

స్కాన్‌కి 4 స్టార్లు, కౌంటర్‌కి 1. రిపోర్ట్ సాయంత్రానికే ఇచ్చేసారు. సీడీ మాత్రం అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వట్లేదు, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ రాసుంటే క్రియాటినిన్ రిపోర్ట్ (కిడ్నీల రక్తపరీక్ష) కూడా పట్టుకెళ్లండి.