సావిడిలో కొట్టిన పీయూ క్లియర్: మూడున్నరేళ్ల తర్వాత

పోయిన నెల పాలకొల్లులో పెట్రోలు కొట్టించుకుంటుంటే, బంకు కుర్రాడు పక్కవాడితో కబుర్లలో పడి ట్యాంకు నిండినా గన్ను వదల్లేదు. పెట్రోలు మూతి మీంచి పొంగి ట్యాంకుకి రెండు పక్కలా కారింది. నాలుగేళ్ల కిందటైతే అక్కడే కూలబడేవాణ్ణి. ఇప్పుడు జేబులోంచి గుడ్డ తీసి తుడుచుకుని, వాణ్ణి రెండు మాటలని, బండి తీశాను. ఇంటికొచ్చి ట్యూబులైటు కింద చూస్తే మరక లేదు, మసక లేదు.

బండి 2007 స్ప్లెండర్ ప్లస్, నలుపు. మా నాన్నగారిది. రోజూ చించినాడ వంతెన దాటి రాజోలు వైపు పనికి వెళ్తాను. ఆ దారిలో తిరిగేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అటూ ఇటూ రొయ్యల చెరువులు, ఐసు పెట్టెల్లోంచి నీళ్లు కార్చుకుంటూ పోయే వ్యాన్లు, ఏడాదికి తొమ్మిది నెలలు ఒంటికి అంటుకునే ఉప్పగాలి. 2022 జనవరిలో ఇంట్లోనే ట్యాంకుకీ సైడ్ ప్యానెళ్లకీ రంగు వేసి, పైన పీయూ క్లియర్ (పాలీయురెథేన్, రంగు మీద కొట్టే పారదర్శకమైన మెరుపు పూత) కొట్టాను. అప్పట్నుంచి 30,000 కిలోమీటర్ల పైనే తిరిగింది.

నిజానికి అది రెండోసారి. మొదటిసారి 2021 శ్రావణంలో డబ్బా స్ప్రేలు తెచ్చి వేశాను. వాన వెలిసింది కదా అని మొదలుపెడితే, క్లియర్ కొట్టిన పది నిమిషాలకి ట్యాంకంతా మజ్జిగ చల్లినట్టు తెల్లబడింది. షాపతన్ని అడిగితే "ఆయ్, ఎండలో పెట్టండి, అదే పోద్దండి" అన్నాడు. పోలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, థిన్నర్ వేగంగా ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఆ చల్లటి పొర మీద మంచులా దిగి రంగులో ఇరుక్కుంటుంది. మన డెల్టాలో వర్షాకాలం స్ప్రే కొట్టడమంటే నీళ్లలో రంగు కలపడమే.

ఆ తెలుపు కొంత పాలిష్‌తో పోయింది గానీ, రెండు నెలలకి మూత దగ్గర పెట్రోలు చుక్క పడింది. పడ్డ చోట క్లియర్ బంకలా మెత్తబడి నా బొటనవేలి ముద్ర అచ్చు పడింది. నేను తెచ్చిన మామూలు డబ్బా క్లియర్‌లో హార్డెనర్ ఉండదు. థిన్నర్ పోయి ఆరుతుంది, పెట్రోలు తగిలితే మళ్లీ కరుగుతుంది. పీయూ అలా కాదు. అది హార్డెనర్‌తో కలిసి రసాయనికంగా గట్టిపడుతుంది, మళ్లీ వెనక్కి రాదు. ట్యాంకుకి వేస్తే క్లియర్ ఒక డబ్బా, హార్డెనర్ ఒక డబ్బాగా వచ్చే పీయూనే వెయ్యాలి. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరు వాదించినా వినను.

రెండోసారి సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టాను. సార్వా నూర్పిళ్ల దుమ్ము అణిగి, దాళ్వా నాట్లు పడే రోజులు. పొద్దున మంచు విడిచే దాకా ఆగి పదిన్నరకి మొదలుపెట్టి, సాయంత్రం గాలి లేవకముందే ముగించేవాణ్ణి. చోటు మా పాత పశువుల సావిడి. మూడు పక్కలా టార్పాలిన్ కట్టాను. నేలంతా నీళ్లు కొట్టమని అందరూ చెప్తారు. మన గాలిలో ఉన్న నీళ్లే ఎక్కువ, దుమ్ము లేవకుండా చెంబెడు చిలకరిస్తే చాలు.

కంప్రెషర్ మా బావది. తలుపులకి పాలిష్ వేస్తాడు. వచ్చీ రాగానే, "ఏం బావా, దీంట్లో నీళ్లు తీశావా?" అన్నాడు. నీళ్లేంటి అన్నాను. కింద మర తిప్పాడు. ఎర్రటి తుప్పునీళ్లు అర గ్లాసు వచ్చాయి. అవి గన్‌లోంచి ట్యాంకు మీదికి వెళ్లేవన్నమాట. అప్పట్నుంచి గంటకోసారి తీస్తూనే ఉన్నాను, తీసినప్పుడల్లా ఎంతో కొంత వచ్చేది.

మెరుపు క్లియర్‌లో ఉంటుందని నేనూ అనుకునేవాణ్ణి. నాకు పట్టిన ఆరు రోజుల్లో క్లియర్ కొట్టింది నలభై నిమిషాలు. మిగతాదంతా రుద్దుడే. పెట్రోలు తీసేసి, ట్యాంకు కడిగి ఆరబెట్టి, పాత రంగు 120 నంబరు గరుకు కాగితంతో దింపాను. అడుగు అంచున తుప్పు ఉంది, రేకు తేలేదాకా గీకాను. బయటపడ్డ రేకుకి ఎపాక్సీ ప్రైమర్, సొట్టకి పుట్టీ, దాని మీద పీయూ ప్రైమర్ రెండు కోట్లు. తర్వాత 400 వాటర్ పేపర్, ఆఖర్న 800. సొట్ట కంటికి దొరకదు. కళ్లు మూసుకుని అరచేయి నిలువుగా కాకుండా అడ్డంగా పోనిస్తే దొరుకుతుంది. ఇంకా అనుమానముంటే నీళ్లతో తడిపి వెలుగులో ఏటవాలుగా చూడాలి. తడిసినప్పుడు ఎలా కనపడుతుందో రేపు క్లియర్ కింద అలాగే కనపడుతుంది. నలుపైతే మరీను. నలుపు ఏదీ దాచదు. అయినా ఆర్సీలో నలుపని రాసి ఉంది, రంగు మారిస్తే అందులోనూ మార్పించుకోవాలి. ఆ తిరుగుడు నావల్ల కాదు.

బేస్ (క్లియర్ కింద ఉండే అసలు రంగు) రెండో కోటు కొడుతుంటే ట్యాంకు మీద అక్కడక్కడా గుండ్రటి గుంటలు లేచాయి. గుంటలోకి రంగు వెళ్లదు, చుట్టూ జరిగిపోతుంది, నిండు తామరాకు మీద నీటిబొట్టులా. ఎంత కొడితే అంత పెద్దవవుతున్నాయి. బావ గన్ను లాక్కుని నా తల వైపు చూశాడు. పొద్దున తలకి కొబ్బరినూనె రాసుకున్నాను. చెమట పట్టినప్పుడల్లా జుట్టు సర్దుకుని, అదే చేత్తో ట్యాంకు పట్టుకుంటున్నాను. ఆరాక 800తో మళ్లీ రుద్ది, గ్రీజు తీసే ద్రావకంతో ఒక గుడ్డ తడిపి తుడిచి, ఆరకముందే రెండో పొడిగుడ్డతో తుడిచి, గ్లౌజులు వేసుకుని మళ్లీ మొదలు. ఒక రోజు పోయింది. కొబ్బరితోటల మధ్య పుట్టినవాణ్ణి నూనె రాసుకోవద్దంటే ఎలా అని బావతో వాదించాను గానీ, ఆ ఆరు రోజులూ మళ్లీ రాసుకోలేదు.

క్లియర్‌కి వస్తే, నాది రెండు పాళ్లు క్లియర్, ఒక పాలు హార్డెనర్, పైన పదోవంతు స్లో (నెమ్మదిగా ఆరే) థిన్నర్. కొన్ని కంపెనీలవి నాలుగుకి ఒకటి కూడా ఉంటాయి, డబ్బా మీద ఉన్నదే కొలత. గన్ నాజిల్ 1.3 మి.మీ., ట్రిగ్గర్ నొక్కినప్పుడు గాలి 28 పీఎస్ఐ. దూరం జానెడుకి కాస్త తక్కువ, ప్రతి వరసా ముందు వరసలో సగాన్ని కప్పాలి. దూరం పెరిగితే చుక్కలు దారిలోనే సగం ఆరి బత్తాయి తొక్కలా పడతాయి. దగ్గరైతే కారతాయి. మొదటిది పల్చగా, పావుగంట ఆగి రెండోది తడి మెరిసేంత నిండుగా. ఆ రెండో కోటులో ఓ పచ్చదోమ వచ్చి ట్యాంకు నడినెత్తిన వాలింది. తీద్దామని వేలు పెట్టబోతే బావ చెయ్యి మీద కొట్టాడు. ఆరాక రుద్దితే కాళ్లతో సహా పోయింది.

మాస్కు గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, కొందరికి దాంతో ఉబ్బసం పట్టుకుంటుంది. కరోనాకి కొన్న ఎన్95 దీనికి పనికిరాదు. కనీసం థిన్నర్ ఆవిర్లని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జిలు, వాటి మీద తుంపరని ఆపే ఫిల్టర్లు ఉన్న మాస్కు కొనాలి, గాలి ఆడే చోటే కొట్టాలి, పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వకూడదు. ఈ ఖర్చు మిగుల్చుకుందామనుకునేవాళ్లు పెయింటరుకే ఇవ్వండి.

గన్‌లోంచి వచ్చిన మెరుపు బాగానే ఉంటుంది గానీ ట్యూబులైటు నీడ వంకర్లు పోతుంది. దాన్ని గీత గీసినట్టు నిలబెట్టాలంటే రెండు రోజులాగి రుద్దాలి. సబ్బు చుక్క వేసిన నీళ్లు, మెత్తటి ఫోమ్ ముక్క, వరసగా 1500, 2000, 3000 నంబరు కాగితాలు, ఆపైన రబ్బింగ్ కాంపౌండు. రుద్దేటప్పుడు పాలలాంటి నీళ్లొస్తే క్లియరే అరుగుతోందని ధైర్యం. నాకు ఎడం పక్క అంచు దగ్గర ఒక్కసారిగా నల్లనీళ్లొచ్చాయి. క్లియర్ దాటి బేస్‌లోకి దిగిపోయాను. అంచుల మీద రంగు పల్చగా నిలుస్తుంది, రుద్దే ముందు అక్కడ టేపు వేసుకోవాలని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో.

ఇప్పుడు ఎలా ఉందంటే, ట్యాంకు పైభాగం కొత్తదానిలా ఉంది. ఎండకి వెలవలేదు, అడుగున తుప్పు మళ్లీ లేవలేదు. బేస్‌కీ క్లియర్‌కీ మధ్య అంటించిన స్టిక్కరు అంచు కూడా లేవలేదు. మధ్యాహ్నం ఎండలో చూస్తే మాత్రం సన్నటి సుడిగీతలు నిండా ఉన్నాయి. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిచే నా అలవాటు ఫలితం, క్లియర్ తప్పేం లేదు. నేను అరగదీసిన ఆ ఎడం అంచు మీద మళ్లీ క్లియర్ కొట్టకుండా పాలిష్‌తో సరిపెట్టాను, అక్కడ రెండో ఏటికే మసకేసింది. కుడి సైడ్ ప్యానెల్ మీద రూపాయి బిళ్లంత పెచ్చు ఊడింది. రుద్దేటప్పుడు ప్లాస్టిక్ తేలిన చోటది. ప్లాస్టిక్ ప్రైమర్ ఎందుకులే అని వదిలేశాను. ఊడింది సరిగ్గా అంతమేరే.

డబ్బు మిగిలిందా అని అందరూ అడుగుతారు. గన్ను, మాస్కు, కాగితాలు, డబ్బాలు అన్నీ కలిపితే పెయింటరు అడిగినదానికి కాస్త తక్కువ. ఆరు రోజుల కూలి కట్టుకుంటే నష్టమే. నా అసలు ఫిర్యాదు వేరు. హార్డెనర్ డబ్బా ఒకసారి తెరిస్తే మన తేమకి నిలవదు. మిగిలింది మూత బిగించి దాచుకుంటే, వానాకాలం వెళ్లేసరికి జున్నులా గడ్డకట్టింది. చిన్న సైజు మా ఊళ్లో దొరకదు.

ఈ సంక్రాంతి దాటాక ఆ ప్యానెల్ పని పట్టాలి. ప్లాస్టిక్ ప్రైమర్ ఇప్పటికే తెచ్చిపెట్టాను. కలిపిన క్లియర్ పారబోయడం ఇష్టం లేక పక్కింటి మాస్టారి పాత చేతక్ స్కూటరు పక్క డిక్కీలు కూడా వేసిస్తానన్నాను. మాస్టారు అప్పుడే వాటిని విప్పి మా సావిడిలో పెట్టి వెళ్లిపోయారు.