సర్టిఫికెట్ ఎర్రర్‌తో మా ల్యాబు ఆగిపోతే వచ్చి బాగుచేశారు – 4 స్టార్లు

మాది కాకినాడలో ఇంజనీరింగ్ కాలేజీ, ల్యాబ్ ఇన్‌చార్జిని నేను. కొత్త ల్యాబుకి 40 వర్చువల్ డెస్క్‌టాపులు కావాలని కొత్త వీసెంటర్ (వర్చువల్ మెషీన్లని ఒకచోట నుంచి చూసుకునే సర్వర్) పెట్టుకున్నాం. ఆ డెస్క్‌టాపుల్ని పిల్లలకి అందించే సిట్రిక్స్ సాఫ్ట్‌వేర్‌కి స్టూడియో అనే సెట్టింగుల ప్రోగ్రాం ఉంటుంది. అందులో వీసెంటర్‌ని కలపబోతే సర్టిఫికెట్ ఎర్రర్, అంటే ఆ సర్వర్ గుర్తింపుని నమ్మలేనంది. సోమవారం నుంచి పిల్లలకి క్లాసులు. వీసెంటర్ మొదటి పేజీలో దొరికే రూట్ సర్టిఫికెట్ల (సర్వర్ సర్టిఫికెట్‌ని నమ్మడానికి ఆధారమయ్యేవి) జిప్ దించుకుని, విన్ ఫోల్డర్‌లో ఉన్న ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి నేనే ఎక్కించాను. బ్రౌజర్‌లో హెచ్చరిక పోయింది గానీ స్టూడియో ససేమిరా అంది. రెండు రోజులు నిద్ర లేదు.

నేను ఈ రివ్యూ రాస్తున్న షాపుకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడిని పంపారు. "మీరేం చేశారో ముందు చూపించండి మేడమ్" అని పక్కన కుర్చీ వేసుకున్నాడు. కరెంట్ యూజర్ స్టోర్ (ఒక్క లాగిన్‌కే పనికొచ్చే సర్టిఫికెట్లు ఉండే చోటు) తెరిస్తే నేను ఎక్కించిన సర్టిఫికెట్ కనపడింది. లోకల్ కంప్యూటర్ స్టోర్ (మొత్తం కంప్యూటర్‌కి పనికొచ్చేవి ఉండే చోటు) తెరిస్తే లేదు! "మీ లాగిన్ వరకే ఎక్కింది మేడమ్. సిట్రిక్స్ సర్వీసులు నెట్‌వర్క్ సర్వీస్ అనే విండోస్ సొంత అకౌంట్ మీద నడుస్తాయి, వాటికి మీ స్టోర్ కనపడదు" అన్నాడు. రెండు రోజులు నన్ను తిప్పలు పెట్టింది ఇదే.

ఎక్కించే ముందు సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్‌ని (దాన్ని గుర్తుపట్టే పొడవాటి కోడ్) వీసెంటర్ కన్సోల్‌లో ఉన్నదానితో పోల్చాడు. నేను రెండేసి అక్షరాలు చదువుతుంటే తను టిక్కు పెట్టుకున్నాడు. ఆ పని ఎగ్గొట్టి ఉంటే నేను అడిగేదాన్ని కూడా కాదు, అందుకే ఆ అబ్బాయి మీద గౌరవం కలిగింది. తర్వాత రెండు కంట్రోలర్లలోనూ (స్టూడియో వెనక పనిచేసే సిట్రిక్స్ సర్వర్లు) దాన్ని లోకల్ కంప్యూటర్ స్టోర్‌లోని ట్రస్టెడ్ రూట్ అనే చోట పెట్టాడు. ఒకదాంట్లో పెట్టి వదిలేస్తే రెండోది మళ్లీ మొరాయిస్తుందట.

అయినా కలవలేదు. అడ్రస్ దగ్గర నేను ఐపీ నంబరు ఇచ్చాను, సర్టిఫికెట్‌లో ఉన్నది సర్వర్ పూర్తి పేరు. పేరు మార్చగానే కలిసింది.

2,500 తీసుకున్నారు, బిల్లు ఇచ్చారు. ఒక స్టార్ తగ్గించింది టైము గురించి: పదింటికి అని చెప్పి పన్నెండున్నరకి వచ్చారు, మధ్యలో ఫోన్ ఎత్తలేదు. పరీక్షల రోజైతే చాలా కష్టమయ్యేది.

వెళ్లేముందు వీసెంటర్ సర్టిఫికెట్ గడువు చూసి, ఆ తేదీ కాగితం మీద రాసి ర్యాక్ తలుపు లోపల అతికించాడు. రెండేళ్లు ఉంది. దానికి నెల ముందే వీళ్లనే పిలుస్తాను.