కాటా గదిలో కనబడే అంకె ఎవరిది? ఓడూ కంప్యూటెడ్ ఫీల్డులతో మా అనుభవం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు జూన్, జూలై వస్తే ఊపిరాడదు. గేటు ముందు తోతాపురి లోడ్లు బారులు తీరి ఉంటాయి. మా దగ్గర కొన్ని సీజన్లుగా ఓడూ (Odoo) అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్ మీదే పని నడుస్తోంది. కొనుగోళ్లు, స్టాకు బాగున్నాయి, వాటితో పేచీ లేదు. అసలు సంగతంతా కంప్యూటెడ్ ఫీల్డుల దగ్గరే, అంటే వేరే డేటా నుంచి కోడ్ లెక్కగట్టి చూపే గడుల దగ్గరే.

కాటా స్లిప్పులో 'రైతుకు ఇవ్వాల్సింది' అని ఒక గడి పెట్టించాం. ఆ అంకె బిల్లుల నుంచి వస్తుంది. కాటా దగ్గర కూర్చునే అబ్బాయికి అకౌంట్స్ హక్కులు లేవు, కాబట్టి స్లిప్పు తెరవగానే యాక్సెస్ ఎర్రర్. బయట ట్రాక్టర్ల హారన్లు. నయం, ఎర్రరైనా వచ్చింది. పక్కనే ఉన్న 'సీజన్ మొత్తం తూకం' గడిలో అదీ లేదు. రికార్డ్ రూల్ (ఎవరికి ఏ రికార్డులు కనిపించాలో చెప్పే నియమం) వల్ల అతనికి తన యార్డు స్లిప్పులే కనిపిస్తాయి, కోడ్‌లోని సెర్చ్ వాటినే కూడి చూపించింది. అదే రైతు ఇంకో యార్డులో దించిన లోడ్లు లెక్కకు రాలేదు. నాకు టెన్షన్ పెట్టేది ఇలాంటి అంకే, తప్పని ఎవరికీ తెలియదు.

ఓడూ పద్ధతి ఇది: 2019లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి, డేటాబేస్‌లో స్టోర్ అయ్యే ఫీల్డును మామూలుగా సూపర్‌యూజర్ (ఏ అడ్డూ లేని యూజర్) హక్కులతో లెక్కగడుతుంది. సబబే, ఎవరు సేవ్ కొట్టారన్నదాన్ని బట్టి అందరూ చూసే అంకె మారకూడదు కదా. స్టోర్ కానిదాన్ని మాత్రం చూసే మనిషి హక్కులతోనే లెక్కిస్తుంది, మా గడులు ఈ రకమే. వీటినీ సూపర్‌యూజర్ హక్కులతో లెక్కించాలంటే 'కంప్యూట్ సుడో' అనే సెట్టింగ్ ఆన్ చేసుకోవాలి.

మాకు కోడ్ రాసినవాళ్లు అన్నిటికీ ఆన్ చేసి చేతులు దులుపుకున్నారు. ఎర్రర్లు పోయాయి. సగటు కొనుగోలు ధర కూడా కాటా గదిలో కనబడసాగింది! కిలో రేటు మీద రోజూ గొడవలు జరిగే ఊళ్లో అది గేటు దాటితే ఇంకేమైనా ఉందా? సుడో పెడితే రికార్డ్ రూల్స్ పనిచేయవు, ఒకే డేటాబేస్‌లో రెండు కంపెనీలుంటే వాటి మధ్య గోడా ఉండదు. అందుకే ఆ ధర ఫీల్డుకు గ్రూప్స్ (ఏ వర్గం యూజర్లకు కనబడాలన్న పరిమితి) పెట్టించాం, కోడ్‌లో కంపెనీ షరతు విడిగా రాయించాం. ఇప్పుడు లెక్క సూపర్‌యూజర్‌దే అయినా, చూసేది మేనేజర్లే.

మొత్తమ్మీద 5కి 4 ఇస్తాను. కొత్తగా పెట్టుకునేవాళ్లు అడ్మిన్ లాగిన్‌లో డెమో చూసి సరే అనకండి, అందులో ఈ తేడాలు దాదాపు కనిపించవు. అందరికంటే తక్కువ హక్కులున్న లాగిన్‌తో ప్రతి గడీ తెరిపించి చూడండి.