బ్రేక్ వదలడం నేర్పిన కారు: ట్రాక్ మీద 718 కేమన్, కొన్నేళ్ల వాడకం తర్వాత

సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోర్షె 718 కేమన్‌ని కొన్నేళ్లుగా చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద నడుపుతున్నాను. నేనుండేది బెంగళూరులో, వయసు యాభైకి దగ్గర. చిన్నప్పటి నుంచి ఉన్న కార్ల పిచ్చి పిల్లల చదువులు, ఇంటి లోను ఒక దారికి వచ్చాక గానీ తీరలేదు. కారు బేస్ మోడల్: రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజిన్, 300 పీఎస్ పవర్, 380 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల పీడీకే (పోర్షె వాళ్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్). నా తీర్పు ముందే చెప్పేస్తాను. ట్రాక్ డ్రైవింగ్ శ్రద్ధగా నేర్చుకోవాలనుకునే నా వయసు వాళ్లకి ఇది చాలా గొప్ప కారు. కానీ దాని గొప్పతనం ఆ 300 పీఎస్‌లో కంటే బ్రేక్ పెడల్ దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. ముఖ్యంగా ఆ పెడల్‌ని వదిలేటప్పుడు.

ట్రాక్ గురించి రెండు మాటలు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టించిన ఈ సర్క్యూట్ 1990 నుంచి ఉంది. పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అంతకుముందు క్లబ్ వాళ్లు షోలవరంలోని పాత యుద్ధకాలపు రన్‌వే మీద రేసులు నడిపేవారు. అది నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలోనే ఉంటుంది కాబట్టి మా మేనమామ లాంటి వాళ్లు బస్సెక్కి వెళ్లి చూసొచ్చేవారు. నాకు ఈ పిచ్చి అంటించింది ఆయనే. బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి, వెల్లూరు మీదుగా ఎన్‌హెచ్ 48 పట్టుకుంటే చెన్నై ఊళ్లోకి పోకుండానే ట్రాక్ వచ్చేస్తుంది. ముందు రోజు సాయంత్రానికే శ్రీపెరుంబుదూరు చేరి నిద్రపోవడం మంచిది. ఆరేడు గంటల ప్రయాణం చేసి నేరుగా ట్రాక్ ఎక్కే వయసు కాదిది.

ఇక అసలు సంగతి.

రోడ్డు మీద మనందరం బ్రేక్ వేసే పద్ధతి ఒకటే. ముందు మెల్లగా తొక్కుతాం, అవసరమైతే ఇంకాస్త గట్టిగా తొక్కుతాం, పని అయిపోగానే కాలు తీసేస్తాం. ట్రాఫిక్‌లో అది సరైన పద్ధతే, వెనకాల వచ్చేవాడికి టైమ్ దొరుకుతుంది. ట్రాక్ మీద దీన్ని పూర్తిగా తిరగేయాలి. నాకు నేర్పిన కోచ్ చెన్నై కుర్రాడు. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారట, అందుకని నాతో తెలుగులోనే మాట్లాడేవాడు. పక్క సీట్లో కూర్చుని మొదట చెప్పింది ఇదే: "సార్, ఠక్కున తొక్కండి, మెల్లగా వదలండి. వదలడంలోనే ఉంది సార్ అంతా."

ఎందుకో తెలియాలంటే టైరు గురించి ఆలోచించాలి. టైరుకుండే పట్టు నెల జీతం లాంటిది. బ్రేక్ కోసం ఎంత ఖర్చు పెడితే మలుపు తిరగడానికి అంత తక్కువ మిగులుతుంది. కారు నిటారుగా పోతున్నప్పుడు మొత్తం పట్టునీ బ్రేక్‌కే వాడుకోవచ్చు. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టిన క్షణం నుంచి, తిప్పినంత మేర బ్రేక్ ఒత్తిడి తగ్గిస్తూ రావాలి. ట్రెయిల్ బ్రేకింగ్ అంటే ఇదే. బ్రేక్ వేస్తే కారు బరువు ముందు టైర్ల మీదకి వస్తుంది, వాటికి పట్టు పెరుగుతుంది, కారు ముక్కు మనం తిప్పిన వైపు తిరుగుతుంది. ఆ బరువుని కాసేపు ముందే ఉంచుతూ మలుపులోకి తీసుకెళ్లడానికే మెల్లగా వదలడం. కాలు ఒక్కసారిగా తీసేస్తే ముక్కు పైకి లేస్తుంది, ముందు టైర్లు తేలికపడతాయి, కారు మలుపు బయటి వైపుకి జారుకుంటూ పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా లాభం లేదు.

కేమన్ ఇక్కడే మిగతా కార్ల కంటే భిన్నంగా ఉంటుంది. ఇంజిన్ సీట్ల వెనక, వెనక యాక్సిల్‌కి ముందు ఉంటుంది. బరువైన భాగాలన్నీ కారు మధ్యకి దగ్గరగా ఉంటాయి కాబట్టి తిరగమనగానే తిరుగుతుంది. బ్రేక్ వదిలే తీరులో చిన్న తేడా చేసినా ముక్కు ఎంత తిరిగిందో నడుముకి తెలుస్తుంది. ముందు ఇంజిన్ ఉండి ముందు చక్రాలే తిప్పే కార్లు కూడా ట్రాక్ మీద నడిపాను. అవి ఇదే సంగతి చెబుతాయి గానీ గొంతు తగ్గించి చెబుతాయి. కేమన్ స్పష్టంగా చెబుతుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. వేగమైన మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి హఠాత్తుగా కాలు తీస్తే వెనక భాగం తేలికపడి తిరగబోతుంది. మధ్యలో ఇంజిన్ ఉన్న కారు తిరగడం మొదలుపెడితే చాలా వేగంగా తిరుగుతుంది. అందుకే స్టెబిలిటీ కంట్రోల్‌ని (కారు జారిపోకుండా చూసే వ్యవస్థ, పోర్షె దాన్ని పీఎస్ఎమ్ అంటుంది) ఆన్‌లోనే ఉంచి నేర్చుకోండి. డాష్‌బోర్డు మీద ఆ లైటు వెలిగిందంటే టైరు ఇవ్వగలిగిన దానికంటే మీరు ఎక్కువ అడిగారన్నమాట. ఆ లైటు వెలగకుండా అదే వేగంతో తిరగడం నేర్చుకుంటే మీ చేతులూ కాళ్లూ నిజంగా మృదువయ్యాయని అర్థం. కారుని ఇంకాస్త జారనిచ్చే పీఎస్ఎమ్ స్పోర్ట్ మోడ్ ఆ తర్వాతి మాట.

జీపీఎస్ ల్యాప్ టైమర్ పెట్టుకోండి, చాలా ఉపయోగం. కోచ్ నా కారే నడిపినప్పటి వేగం గ్రాఫునీ నాదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే స్ట్రెయిట్‌ల మీద, అంటే మలుపుల్లేని చోట, ఇద్దరికీ పెద్ద తేడా లేదు. ఆ మాటకొస్తే అక్కడ యాక్సిలరేటర్ తొక్కడమే కదా. తేడా అంతా మలుపు మొదలయ్యే చోట కనిపించింది. అతని వేగం గీత నునుపుగా వంగుతూ కిందికి దిగి, నాకంటే పైనే ఆగి, మళ్లీ లేస్తుంది. మలుపులో ఉండే కనిష్ఠ వేగం ఎక్కువైతే ఆ లాభం తర్వాతి స్ట్రెయిట్ మొత్తం మీతో వస్తుంది. ఇంకో యాభై పీఎస్ కోసం ఇంజిన్ ట్యూనింగ్ చేయించాలనే కోరిక నాకు ఆ గ్రాఫు చూసిన రోజే పోయింది. ఆ డబ్బు కోచింగ్‌కి వెళ్లింది, ఇప్పటికీ అటే వెళ్తోంది.

మన వయసు వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది కళ్ల గురించి. గంటకి 180 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 50 మీటర్లు. చూపు కారు ముందు పది మీటర్ల దగ్గరే ఉంటే చేతులు చేయగలిగిందేమీ లేదు. బ్రేక్ వేస్తున్నప్పుడే మలుపు లోపలి అంచు మీద, అక్కడికి చేరకముందే బయటికి వెళ్లే చోటు మీద చూపు ఉండాలి. మెడ తిప్పి చూడాలి, అవసరమైతే పక్క కిటికీలోంచి. చత్వారం వచ్చి ప్రోగ్రెసివ్ కళ్లజోడు పెట్టుకునే వాళ్లు దీన్ని చాలా జాగ్రత్తగా వినండి. ఆ లెన్సుల్లో కింది భాగం దగ్గరి చూపు కోసం ఉంటుంది, పక్కల్లో దృశ్యం వంకరగా కనిపిస్తుంది. ట్రాక్ మీద మనకి కావాల్సింది సరిగ్గా ఆ పక్క చూపే. నేను దూరపు చూపుకి మాత్రమే పనికొచ్చే జత వేరుగా చేయించాను. కాడలు నిటారుగా ఉన్న ఫ్రేమ్ తీసుకుంటే హెల్మెట్ పెట్టుకున్నాక కూడా లోపలికి దూరుతుంది. ఈ సీజన్లన్నిటిలో ఖర్చుకి తగ్గ ఫలితం ఇంతగా ఇచ్చిన వస్తువు మరొకటి లేదు.

హెల్మెట్ అన్నాను కాబట్టి: బైకు హెల్మెట్ వేరు, కారు హెల్మెట్ వేరు. కార్ల కోసం స్నెల్ సంస్థ ఇచ్చే ఎస్ఏ రేటింగ్‌లో లోపలి గుడ్డ మంటకి తట్టుకునే పరీక్ష ఉంటుంది, బైకుల కోసం ఇచ్చే ఎమ్ రేటింగ్‌లో అది ఉండదు. ఎస్ఏ 2020 లేదా ఆ తర్వాతి రేటింగ్ రాసి ఉన్నది కొనుక్కోండి.

వేడి గురించి చెన్నై వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. బెంగళూరు వాతావరణానికి అలవాటైన ఒంటికి మాత్రం అది దెబ్బే. మార్చి దాటాక మధ్యాహ్నపు సెషన్లు నేను మానేస్తాను. పొద్దుటి నుంచే ఓఆర్ఎస్, మజ్జిగ తాగుతూ ఉండాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. పదిహేను ఇరవై నిమిషాల సెషన్‌లో చివరి రెండు ల్యాపులు ఎప్పుడూ వదిలేస్తాను. ఒళ్లు అలసిపోవడం మనకి తెలిసేలోపే చూపు దగ్గరికి వచ్చేస్తుంది, బ్రేక్ మీద కాలు మొరటవుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు దీన్ని లెక్క చేయకుండా నడిపేస్తారు. మనకి ఓపిక తక్కువైనా, ఆగాల్సిన చోట ఆగే బుద్ధి ఎక్కువ. నేర్చుకోవడంలో ఇది నిజమైన బలం అని నమ్ముతాను. నడుము, మెడ కండరాలకి వారంలో మూడు నాలుగు రోజులు వ్యాయామం తప్పనిసరి.

ఇప్పుడు ఖర్చు. బ్రేకులకి పెట్టే ఖర్చు దగ్గర బేరాలు వద్దు. వేగం సగానికి తగ్గితే శక్తిలో నాలుగింట మూడొంతులు పోయినట్టు, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే 180 నుంచి 90కి దిగిన ప్రతిసారీ, దాదాపు పద్నాలుగు వందల కిలోల కారులో ఉన్న శక్తిలో ముప్పావు వంతు వేడిగా మారి బ్రేక్ డిస్కుల్లోకి వెళ్తుంది. ఆ వేడి బ్రేక్ ఫ్లూయిడ్‌కి చేరుతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన ఫ్లూయిడ్‌కి ఆ ప్రమాణం 155 డిగ్రీలే. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, కారు ఆగదు. అందుకే కొత్త ఫ్లూయిడ్ మరిగే స్థాయి 300 దాటిన రేసింగ్ రకం వాడతాను, ఏటా మార్పించేస్తాను, ప్రతి ట్రిప్పుకీ ముందు బ్రేక్ పైపుల్లోని గాలి తీయిస్తాను. ఒకసారి ఒక గ్యారేజీలో ఫ్లూయిడ్ మార్చామని బిల్లు ఇచ్చారు గానీ మార్చలేదు. మా మెకానిక్ డబ్బా తెరిచి రంగు చూసి చెప్పాడు కాబట్టి ఇంటి దగ్గరే బయటపడింది. అప్పటి నుంచి పని జరిగేటప్పుడు పక్కనే నిలబడతాను.

ప్యాడ్లు కూడా ట్రాక్‌కి తగ్గవి వేయించాను. చల్లగా ఉన్నప్పుడు ఊళ్లో సిగ్నళ్ల దగ్గర కీచుమంటాయి, చక్రాల నిండా నల్లటి పొడి. మా ఆవిడ "మీ కారు మీరొస్తున్నారని వీధి చివర్లోనే చెబుతోందండీ" అంటుంది. నాకది సమ్మతమే. వేగమైన ల్యాపుల తర్వాత ఒక ల్యాపు బ్రేక్ దాదాపు ముట్టకుండా తిప్పి చల్లార్చాలి. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చాక పార్కింగ్ బ్రేక్ వేయకూడదు, చక్రానికి అడ్డు పెట్టి వదిలేయాలి.

టైర్లు ముందు 235, వెనక 265 వెడల్పు. మంచి రకం నాలుగూ మార్చాలంటే లక్ష దాటుతుంది. ట్రాక్ మీద వేడెక్కాక గాలి ఐదారు పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే తగ్గించి మొదలుపెట్టడం, ప్రతి సెషన్ తర్వాత వేడి మీద కొలవడం, సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు చల్లారాక మళ్లీ నింపడం నా పద్ధతి.

ఇన్సూరెన్స్ సంగతి చాలామంది పట్టించుకోరు. మన దేశంలో మామూలు కారు పాలసీలో "వాడకానికి పరిమితులు" అనే చోట రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటివి మినహాయించి ఉంటాయి. పాలసీ కాగితం తీసి చదవండి. ట్రాక్ మీద గోడకి తగిలితే ఆ ఖర్చు మీదే అనుకుని, దాన్ని భరించగలిగిన కారే తీసుకెళ్లండి.

ఈ మాట నుంచే ఇంకో ప్రశ్న వస్తుంది. మొదలుపెట్టడానికి కేమన్ కావాలా? అక్కర్లేదు. మా గుంపులో కర్నూలు తమ్ముడొకడు పాత స్విఫ్ట్‌తో వస్తాడు. ప్యాడ్లు, ఫ్లూయిడ్, టైర్లు మాత్రమే మార్చాడు. వర్షం పడ్డ రోజున అతని వెనక వెళ్తే బ్రేక్ ఎలా వదలాలో కళ్లకి కనిపిస్తుంది. "అన్నా, పవర్ లేదు కాబట్టి వేగం పోగొట్టుకోవడానికి మనసు ఒప్పదు" అంటాడు. తక్కువ పవర్ ఉన్న కారులో మలుపులో పోయిన వేగం మళ్లీ రావడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి అలాంటి కారు శుభ్రంగా నడపడం నేర్పుతుంది. బెంగళూరులోనే కార్టింగ్ చేయడం ఇంకా చవక. అద్దె కార్టులకి సస్పెన్షన్ ఉండదు, బ్రేకులు వెనక మాత్రమే. అయినా చూపు, గీత (మలుపులో కారు పట్టాల్సిన దారి) అనే రెండు పాఠాలకి అంతకు మించింది లేదు.

కేమన్ లాంటి కారు మీద మనసుంటే మాత్రం నిరభ్యంతరంగా కొనండి. రోజూ ఆఫీసుకీ తీసుకెళ్లవచ్చు, స్పీడ్ బ్రేకర్ల మీద కాస్త ఏటవాలుగా ఎక్కిస్తే చాలు. ముందు ఒక డిక్కీ, వెనక ఒక డిక్కీ. హెల్మెట్, పనిముట్లు, రెండు రోజుల బట్టలు అన్నీ పడతాయి. పాతది చూసేటప్పుడు కిలోమీటర్ల అంకె కంటే డిస్కుల అంచు చూడండి. వేలితో తడిమితే గట్టులా తగిలితే డిస్కు అరిగిందన్నమాట, దాని ధర బేరంలో తగ్గించమనాలి. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. అలాంటి టైర్లు ఎంత కొత్తగా కనిపించినా, ట్రాక్ ఎక్కే ముందు మార్చేయండి.