దేవరకొండ బండలు, సోమశిల రేగడి: రెండు బండ్లతో మూడు రోజులు

మే నెలలో నల్లగొండ నుంచి కృష్ణ ఒడ్డునున్న సోమశిలకు రెండు బండ్లలో వెళ్లి వచ్చాం. నాది మారుతి జిమ్నీ, మా బావది 2021 మోడల్ ఫోర్స్ గూర్ఖా. రెండూ ఫోర్ బై ఫోర్‌లే. అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. కానీ ఒక చక్రం పట్టు తప్పితే రెండూ చేసే పని వేరు. జిమ్నీలో జారే చక్రానికి కంప్యూటరే బ్రేకు వేస్తుంది. గూర్ఖాలో డ్రైవరే లివర్ లాగి, ఇరుసు మీది రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టెను, అంటే డిఫరెన్షియల్‌ను లాక్ చేయాలి. ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి, రెండు లాక్‌లు. మన నేలకు ఏది పనికొస్తుందని మా ఇద్దరికీ ఎప్పటినుంచో వాదన.

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ బలం సమానంగానే పంచుతుంది. చిక్కంతా అక్కడే. ఒక చక్రం గాలిలోకి లేస్తే దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. అప్పుడు నేల మీదున్న రెండో చక్రానికీ అంత కొంచెమే అందుతుంది, బండి కదలదు. గాలిలో తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టి ఉంచితే, ఆ బ్రేకుకు ఎదురుపడేంత బలం రెండో చక్రానికీ వెళ్తుంది. లాక్ వేస్తే మాత్రం రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి.

మొదటి రోజు దేవరకొండ దాటాక చుట్టాల చెల్కకు పోయే బండ్లబాట పట్టాం. ఎర్రమట్టిలో పెద్ద పెద్ద గుండ్లు, వానకు కోసుకుపోయిన గాడులు. ఒకచోట జిమ్నీ ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం రెండూ గాలిలోకి లేచాయి. ఫోర్-లో (4L) అనే, నిదానంగా ఎక్కువ బలమిచ్చే గేరులో పెట్టి, యాక్సిలరేటర్ వదలకుండా నిదానంగా తొక్కి పట్టాను. చక్రం ఒక చుట్టు ఊరికే తిరిగింది, కింద టకటకమని బ్రేకు చప్పుడు వచ్చింది, బండి ఎక్కేసింది. కొత్తగా నడిపేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. చక్రం తిరగ్గానే భయపడి కాలు తీసేస్తారు. కంప్యూటర్ జారుడును కనిపెట్టి పట్టుకోవడానికి ఒక క్షణం పడుతుంది, ఆ క్షణం ఓపిక పట్టాలి.

బావ వెనక ఇరుసు లాక్ వేసుకుని అదే గాడిని ఏ చప్పుడూ లేకుండా దాటాడు. ఆ వెంటనే రెండు గుండ్ల మధ్య మలుపు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా గూర్ఖా ముందుకే పోతోంది. లాక్ తీసి, వెనక్కి వచ్చి, మళ్లీ తిప్పుకోవాల్సి వచ్చింది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లాక్ దాన్ని తిరగనివ్వదు. బండల దారిలో నా ఓటు జిమ్నీకే.

ఆ రాత్రి అచ్చంపేటలో ఒక లాడ్జిలో దిగాం. ఏసీ గది అని డబ్బు తీసుకున్నారు. కరెంటు పోతే జనరేటర్ లేదు, మే నెల ఉక్కలో తెల్లారేదాకా నిద్ర లేదు. పగలంతా బండి నడిపేవాళ్లు ముందే అడిగి దిగండి. సోమశిలలో పర్యాటక శాఖ కాటేజీలు కృష్ణ ఒడ్డునే ఉన్నాయి. రెండో రాత్రి అక్కడే ఉన్నాం, పొద్దున్నే కిటికీలోంచి నది కనిపిస్తుంది. ఊళ్లో ఒకరి ఇంట్లో చెప్పి వండించుకున్న చేపల పులుసు, జొన్నరొట్టె కోసమైనా మళ్లీ పోతాను.

అసలు పరీక్ష సోమశిల దగ్గరే. ఇక్కడ నిలిచేవి శ్రీశైలం జలాశయం నీళ్లే, దాని నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్లు దిగిపోతే ఒడ్డున రేగడి ఒండ్రు బయటపడుతుంది. పైన ఎండి పెళ్లలు కట్టి గట్టిగా కనిపిస్తుంది, కింద జానెడు లోతున బురదే. కొందరు రైతులు ఆ నేలలో పంట వేస్తారు, దాని మీదికి మాత్రం బండి ఎక్కించొద్దు.

టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించి దిగాం. బావ ముందే వెనక లాక్ వేసుకుని, ఎక్కడా ఆగకుండా దాటాడు. నేను యాభై అడుగులు పోయానో లేదో నాలుగు చక్రాలూ జారడం మొదలైంది. కంప్యూటర్ ఒక చక్రాన్ని పట్టి ఇంకో చక్రానికి బలం పంపుతుంది, కానీ అక్కడా పట్టు లేదు. పైగా అది పని చేయాలంటే చక్రం ముందు జారాలి, జారిన ప్రతిసారీ గుంట లోతవుతుంది. బండి పొట్ట బురదకు ఆనింది. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది, సాయంత్రం కావస్తోంది.

లాక్ ఉన్న బండికీ గండం తప్పలేదు. నన్ను లాగడానికి బావ వెనక్కి వస్తుంటే, నది వైపు వాలు ఉన్నచోట గూర్ఖా వెనక భాగం పక్కకు జారి నీళ్ల దిక్కు పోయింది. లాక్ వేసిన ఇరుసు రెండు చక్రాలూ ఒకేసారి పట్టు వదిలితే పక్కకు ఆపేది ఏదీ ఉండదు. బావ వెంటనే ఆపేశాడు.

చివరికి ట్రాక్టరే దిక్కయింది. 800 రూపాయలు అడిగాడు, పది నిమిషాల్లో లాగేశాడు. ఆ అన్న కుడి మడమ దగ్గరి చిన్న పెడల్ చూపించి చెప్పిన మాట మా వాదనను తేల్చింది. "మీ బండికి లాక్ లేదా సార్? బురదల దిగేటప్పుడే తొక్కాలె, దిగబడ్డంక తొక్కితే ఏం లాభం? మలిపేటప్పుడు మాత్రం కాలు తియ్యాలె, లేకుంటే సక్కగనే పోతది." రేగడి దున్నే ప్రతి ట్రాక్టర్ డ్రైవర్‌కూ తెలిసిన సంగతి ఇది. మేమిద్దరం ఇన్నాళ్లూ ఎవరినీ అడగలేదు.

కొల్లాపూర్‌లో వాటర్ సర్వీసింగ్ చేయిస్తూ చక్రాల లోపలి వైపు కూడా గట్టిగా కడిగించాను. బ్రేకులతో పని చేసే పద్ధతి కాబట్టి బురద బ్రేకుల్లో ఎండితే నష్టం నాకే ఎక్కువ.

మూడో రోజు మన్ననూరు మీదుగా ఫర్హాబాద్ వెళ్లాం. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవిలోకి సొంత బండి, ఎంత గొప్పదైనా, దించే పని లేదు. అటవీ శాఖ సఫారీ బండిలోనే పోవాలి, అదే సరైనది. శ్రీశైలం రోడ్డుపై రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలో బండ్లు వదలరు, దాన్నిబట్టి బయల్దేరండి.

కొత్తగా బండి కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. మహీంద్రా థార్ రాక్స్‌లో ఇచ్చే ఎలక్ట్రానిక్ లాకింగ్ డిఫరెన్షియల్‌ను నా జిమ్నీ పద్ధతితో కలపొద్దు. అక్కడ స్విచ్ మాత్రమే ఎలక్ట్రానిక్, లోపల బిగుసుకునేది నిజమైన లాకే. దేవరకొండ, డిండి వైపు చెల్కలు, గుట్టలు తిరిగేవాళ్లకు బ్రేకు పద్ధతి చాలు. కృష్ణ ఒడ్డున రేగడిలోకి ఏటా దిగేవాళ్లు లాక్ ఉన్న బండే చూసుకోండి. నేనైతే జిమ్నీని అమ్మను. కంపెనీ ఇచ్చిన రోడ్డు టైర్లు తీసేసి లోతు గాడులున్న మట్టి టైర్లు వేయిస్తున్నాను. వచ్చే మే నెలలో మళ్లీ అదే ఒడ్డుకు, ఈసారి ముందుగా నడిచి చూసుకుని దిగుతాను.